పది లక్షల కార్డు, నెలవారీ మాత్రలు



2007వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము అను మూడు జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకమును ఆరంభించినది మొదలు నేటివరకు, వైద్యవ్యయమును గూర్చిన వాగ్దానము లేకుండ తెలుగునాట ఎన్నికలలో నిలుచుటకు ఏ ప్రధాన పక్షమును సాహసింపలేదు. ఆనాడు తెల్లకార్డుగల కుటుంబమునకు సంవత్సరమునకు లక్షన్నర రూపాయలు, అది చాలనిచో మరియొక యేబదివేలు అని యుండిన పరిమితి, రాష్ట్రము రెండైన పిమ్మట ఇరువైపులను పెరుగుచు వచ్చి, 2023 డిసెంబరు 9వ తేదీన తెలంగాణములో 10 లక్షలైనది. ఆ నెలలోనే ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలైనది. సభలలో చప్పట్లు ఈ అంకెలకే పడుచున్నవి, పత్రికలలో పెద్దక్షరములు ఈ అంకెలకే దక్కుచున్నవి. రోగియొక్క జీవితములో ఈ అంకె ఏ ఘడియలో ప్రవేశించుచున్నది, ఏ ఘడియలో అతనిని విడిచిపోవుచున్నది అను ప్రశ్న మాత్రము ఆ చప్పట్ల నడుమ వినబడుట లేదు. ఈ సాయంకాలము దానిని గూర్చి మీతో మాటలాడదలచితిని.

నేను నివసించు తుర్కయంజాల్, ఎల్.బి. నగర్ వైపునుండి బి.ఎన్. రెడ్డి నగర్ దాటి నాగార్జునసాగర్ రహదారిమీద వచ్చు ఊరు. చెరువు నానుకొని చేలుండిన ఈ నేలమీద నేడు ప్లాట్ల హద్దురాళ్లు, అపార్టుమెంట్ల పిల్లర్లు లేచినవి. ఈ ఇండ్లను కట్టువారు పాలమూరు, నల్లగొండ, ఒడిశా ప్రాంతములనుండి వచ్చిన మేస్త్రీలు, కూలీలు. ఈ ఇండ్లలో కాపురముండువారు దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల కొట్టు నడుపుకొనువారు, కోచింగు సెంటర్లలో పాఠములు చెప్పువారు, కొలువు విరమించిన గుమాస్తాలు. శాసనసభలో ఆరోగ్య బీమాను గూర్చి జరుగు వాదములో ఎన్ని పక్షములు కలవో అన్నింటి ఫలితములును ఈ ఒక్క రహదారిమీద, ఇంటింట, మనుష్యరూపమున కనబడును.

ఆరోగ్యశ్రీ చేసిన మేలును తక్కువచేసి మాటలాడుట అన్యాయము. అంతకుముందు గుండెకు రంధ్రముతో పుట్టిన బిడ్డను చేతులమీద మోసికొని, శాసనసభ్యుని ఉత్తరము సంపాదించి, ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టి, ఆ జవాబు వచ్చువరకు బిడ్డ బ్రతికియుండవలెనని మ్రొక్కుకొనిన తల్లిదండ్రులు ప్రతి జిల్లాలోను ఉండిరి. స్వయముగ వైద్యుడైన ఆనాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి, అట్టి దరఖాస్తులను దయాభిక్షగా పరిగణించు పద్ధతిని మాన్పి, జబ్బు పేరు పట్టికలో నున్నయెడల చికిత్స హక్కుగా లభించు పద్ధతిని నెలకొల్పెను. మొదట 163 జబ్బులతో ఆరంభమైన ఆ పట్టిక నేడు తెలంగాణములో 1,800 చికిత్సలను దాటినది. మూత్రపిండములు చెడిన కూలివాడు డయాలసిస్ యంత్రము చెంతకు చేరగలిగెను. చెవిటిగా పుట్టిన బీదబిడ్డకు కాక్లియర్ ఇంప్లాంటు అమర్చబడెను. ఇవి సామాన్యమైన సంగతులు కావు. ఈ పథకమును కాదని గెలువగల నాయకుడు తెలుగునాట నేడు లేకపోవుటకు కారణము ఇదియే.

అయినను మా కాలనీలో పనిచేయు ఒక తాపీమేస్త్రీ కథ చెప్పెదను. ఏబది యేండ్లకు సమీపించినవాడు. రక్తపోటు ఎక్కువగా నున్నదని వీథిచివరి ఆర్‌ఎంపీ డాక్టరు అతనికి ఎంతో పూర్వమే చెప్పియుండెను. కొన్నాళ్లు మాత్ర వేసికొనెను, తలనొప్పి తగ్గెను, మాత్ర మానెను. బస్తీ దవాఖానాలో అదే మాత్ర ఉచితముగ దొరకునని అతనికి తెలియకపోలేదు. కాని ఆ దవాఖానా ఉదయము 9 గంటలకు తెరచి సాయంకాలము 4 గంటలకు మూయబడును. అడ్డామీద ప్రొద్దున్నే నిలబడి పని దొరికించుకొన్న మనిషి ఆ వేళలో సిమెంటు కలుపుచుండునే గాని వరుసలో నిలుచుండడు. రోజుకూలి పోగొట్టుకొని మాత్రలు తెచ్చుకొమ్మనుట అతని లెక్కలో ఉచితము కాదు. ఒకనాటి మధ్యాహ్నము ఇటుకలు అందుకొనుచు రొమ్ము పట్టుకొని కూలబడెను.

ఎల్.బి. నగర్ వైపునకు తీసికొనిపోయి ఒక ఆసుపత్రిలో చేర్చిరి. అతని భార్య కొంగుముడినుండి ప్లాస్టిక్కు కవరు తీసి, అందులోని కార్డును కౌంటరుమీద పెట్టెను. అచ్చట పథకపు రోగులకు సహాయపడు ఆరోగ్యమిత్ర మర్యాదస్తుడే. "అక్కా, కార్డు నడుస్తది. గని అప్రూవల్ అచ్చేదాంక టెస్టులకు, ఐసీయూకు అడ్వాన్సు కట్టుమంటున్రు" అనెను. అత్యవసర సందర్భములలో ఫోనుమీదనే అనుమతి పొంది చికిత్స ఆరంభింపవలెనని పథకపు నియమము కలదు. ఆ నియమము ఆమెకు తెలియదు, తెలిసినను ఆ నిమిషమున వాదించు ధైర్యము ఏ ఇల్లాలికిని ఉండదు. ఆమె "ఎంత గట్టాలె అన్నా?" అని మాత్రమే అడిగెను. మెడలోని పుస్తెలతాడు ఆ సాయంకాలమే కుదువకొట్టుకు చేరెను. మరునాడు అనుమతి వచ్చినది, స్టెంటు వేసిరి, మనిషి బ్రతికి బయటపడెను. స్టెంటుకైన వ్యయమును ప్రభుత్వమే భరించినది. పిమ్మట కొంతకాలము ఫాలో అప్ క్రింద మందులు కూడ ఇచ్చిరి. ఆ గడువు తీరిన నాటినుండి నెలనెలా మందుల షాపులో కొనవలసిన మాత్రల చీటీ అతని జేబులోనే నలుగుచున్నది, కుదువకొట్టు వడ్డీ మాత్రము తప్పక నడుచుచున్నది.

శ్రోతలారా, ఈ కథలో 10 లక్షల పరిమితి ఎచ్చట సహాయపడినదో, ఎచ్చట సహాయపడలేదో గమనింపుడు. పరిమితి 25 లక్షలైనను, కోటి రూపాయలైనను ఆ మేస్త్రీ మాత్ర మానుట ఆగియుండెడిది కాదు, అతని భార్య పుస్తెలతాడు విడిపింపబడియుండెడిది కాదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారము 2013–14లో ఈ దేశమున వైద్యమునకైన ప్రతి నూరు రూపాయలలో 64 రూపాయలు ప్రజలు తమ జేబునుండి పెట్టిరి. 2021–22 నాటికి అది 39కి దిగినది. ఇది సంతోషింపదగిన మార్పే. కాని మిగిలిన ఆ జేబు ఖర్చులో అధికభాగము ఆసుపత్రిలో చేరకుండ జరుగు వైద్యమునకు, అనగా డాక్టరు ఫీజుకు, రక్తపరీక్షకు, మాత్రలకు పోవుచున్నది. మన బీమా పథకములన్నియు, ఆరోగ్యశ్రీయైనను, 2018 సెప్టెంబరు 23న ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ అయినను, ప్రధానముగా మనిషి మంచమెక్కిన పిమ్మటనే మేల్కొనునట్లు నిర్మింపబడినవి. పాతిక రూపాయలతో ఆపగల రోగమును లక్షన్నరతో కోయుటకు మనము నిధులు సమకూర్చుకొంటిమి.

ఇక రాజకీయపక్షముల మధ్య నిజముగా నలుగుచున్న వివాదమునకు వత్తును. ఈ ధనమును ఇన్సూరెన్సు కంపెనీ ద్వారా చెల్లింపవలెనా, ప్రభుత్వ ట్రస్టు నేరుగా చెల్లింపవలెనా? ఆరోగ్యశ్రీ ఆరంభమున స్టార్ హెల్త్ అను ప్రైవేటు బీమా సంస్థ ద్వారా నడచినది. ప్రభుత్వము ప్రీమియము కట్టెడిది, సంస్థ క్లెయిములు చెల్లించెడిది. 2008 జూలైనుండి కొన్ని చికిత్సలను ట్రస్టే నేరుగా చేపట్టెను, క్రమముగా పథకమంతయు ట్రస్టు చేతికి వచ్చెను. ఇప్పుడు చక్రము మరల తిరుగుచున్నది. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గము 2025 సెప్టెంబరులో, రెండున్నర లక్షలవరకు బీమా కంపెనీ, అంతకు మించి 25 లక్షలవరకు ఎన్.టి.ఆర్. వైద్యసేవ (ఆరోగ్యశ్రీకి అచ్చటి నేటి పేరు) ట్రస్టు చెల్లించునట్లు మిశ్రమ పద్ధతిని ఆమోదించెను. బీమా పద్ధతిని కోరువారు, కంపెనీకి గడువులు, జరిమానాలు విధింపవచ్చును గాన ఆసుపత్రులకు డబ్బు వేళకు అందుననియు, ప్రభుత్వమునకు ఖర్చు ముందుగనే తెలియుననియు చెప్పుదురు. వ్యతిరేకించువారు, క్లెయిము త్రోసివేసిన కొలది లాభించు సంస్థ చేతిలో బీదవాని ప్రాణము పెట్టరాదందురు. నా మనస్సు రెండవవారి పక్షమున నున్నది. ప్రజాధనమును ప్రజలకొరకు వ్యయపెట్టుటలో మూడవవాని లాభమునకు తావుండరాదు. అయితే ట్రస్టును సమర్థించు నావంటివారు ఒక కఠినసత్యమునకు జవాబు చెప్పవలసియున్నది.

ఆ సత్యము బకాయిలు. 2025 సెప్టెంబరులో, వేయికోట్లకు మించిన బాకీలు రావలసియున్నవని చెప్పి, తెలంగాణములోని నెట్‌వర్కు ఆసుపత్రుల సంఘము ఆరోగ్యశ్రీ సేవలను నిలిపివేసెను. కొన్ని దినములకు చర్చలు జరిగి సేవలు మరల మొదలైనవి. ఆ సంవత్సరము జనవరిలోను ఇట్లే జరిగినది. సరిహద్దుకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లోను అక్టోబరులో ఇదే దృశ్యము. ఏ పక్షము అధికారములో నున్నను ఈ బకాయిలు పేరుకొనుచునే యున్నవి; ఇది ఒక ముఖ్యమంత్రి లోపము కాదు, ఒక పద్ధతి లోపము. పరిమితి పెంచిన దినమున జరుగు ఉత్సవమునకు బడ్జెటు కలదు, బిల్లు చెల్లించు దినమునకు లేదు. చిన్న ఆసుపత్రి యజమాని నర్సులకు జీతములీయలేక, మందుల డీలరుకు జవాబు చెప్పలేక, కార్డు తెచ్చిన రోగిని మంచము ఖాళీ లేదని పంపివేయును. అతనిని మాత్రమే దోషిగా నిలుపుట సులభము. క్లెయిము అందిన ఇన్ని దినములలో చెల్లింపు జరుగవలెననియు, జరుగనిచో వడ్డీతో చెల్లింపవలెననియు శాసనము చేసిననాడు ట్రస్టు పద్ధతికి ఎదురు నిలువగల వాదముండదు.

ప్రైవేటు ఆసుపత్రులు నిర్దోషులని నా అభిప్రాయము కాదు. పథకపు తొలియేండ్లలోనే, గర్భసంచి తొలగింపు శస్త్రచికిత్సలు అవసరమునకు మించి జరుగుచున్నవను ఆందోళన రాష్ట్రమంతట వ్యాపించెను. డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లాలో పల్లెటూరి స్త్రీలను పరామర్శించి, ముప్పది యేండ్ల వయస్సు చుట్టుపట్లనే, మందులతో నయము కాగల బాధలకు గర్భసంచులు తొలగింపబడిన సంగతిని 2009 నాటికే బయటపెట్టిరి. పిదప ప్రభుత్వము ఆరోగ్యశ్రీలో ఆ శస్త్రచికిత్సను ప్రభుత్వాసుపత్రులకు పరిమితము చేయవలసి వచ్చెను. 2011లో రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వ్రాయుచు, ఈ పథకము ప్రజాధనమును ప్రైవేటు రంగమువైపు మరలించుచున్నదని హెచ్చరించిరి. ఆ హెచ్చరికకు నేటికిని కాలదోషము పట్టలేదు.

మా రహదారిమీద కార్డు లేనివారి సంగతి వేరు. దిల్‌సుఖ్‌నగర్ కొట్టువానికి గ్రామములో లక్షన్నర, పట్టణములో రెండు లక్షలు అను ఆదాయపరిమితి దాటుటచే తెల్లకార్డు లేదు. సర్కారు కొలువు కాదు గనుక ఉద్యోగుల పథకము లేదు. ఇట్టివారు దేశమున 40 కోట్లవరకు కలరని నీతి ఆయోగ్ 2021లో అంచనా కట్టెను. వీరు కొనుక్కొను పాలసీలలో పెక్కింట చిన్న అక్షరములలో ఒక నిబంధన యుండును, దానిని వివరించెదను. 5 లక్షల పాలసీకి రోజుకు 5 వేలు రూమ్ రెంటు పరిమితియై, ఆసుపత్రిలో ఖాళీగా నున్న 10 వేల గదిలో మీరు చేరితిరనుకొనుడు. కంపెనీ గది అద్దెలోని తేడాను మాత్రమే కోయదు. డాక్టరు ఫీజు, ఆపరేషను థియేటరు, నర్సింగు మున్నగు పద్దులన్నింటిని సగమునకు తగ్గించి చెల్లించును. రెండు లక్షల బిల్లులో లక్షకు దాపుగా రోగియే కట్టుకొని, తనకు జరిగినది మోసమనుకొని ఇంటికి పోవును. పాలసీ తీసికొను దినముననే "రూమ్ రెంటు లిమిటు ఉన్నదా?" అని ఏజెంటును అడిగి, జవాబును కాగితముమీద వ్రాయించుకొనుడు.

ఈ రంగమున కొన్ని మంచి మార్పులు వచ్చిన సంగతియు చెప్పవలెను. బీమా నియంత్రణ సంస్థ ప్రధానకార్యాలయము మన హైదరాబాదులోనే యున్నది. ఆ సంస్థ 2024లో చేసిన నియమముల ప్రకారము, పూర్వమునుండి యున్న జబ్బులకు నిరీక్షణకాలము నాలుగేండ్లనుండి మూడేండ్లకు తగ్గినది. క్యాష్‌లెస్ అనుమతిపై ఒక గంటలోను, డిశ్చార్జి సమయమున మూడు గంటలలోను కంపెనీ నిర్ణయము తెలుపవలెను. వ్యక్తులు, కుటుంబములు కొను ఆరోగ్యపాలసీలపై నూటికి 18 వంతున నున్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి తొలగింపబడినది. కాని ప్రీమియము ఎంత పెంచవలెనో కంపెనీలు నిర్ణయించుచున్నంతకాలము, ఆసుపత్రి బిల్లు ఎంత వేయవలెనో ఆసుపత్రులు నిర్ణయించుచున్నంతకాలము, ఈ ఉపశమనము ఎంతకాలము నిలుచును?

ధరల అదుపు అసాధ్యమనువారికి స్టెంటు ఉదాహరణ చాలును. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ, మందుపూత స్టెంటుకు పన్నులు గాక 29,600 రూపాయలు, సాధారణ స్టెంటుకు 7,260 రూపాయలు గరిష్ఠ ధరగా నిర్ణయించెను. అంతకుముందు రోగులు ఒక్క స్టెంటుకు లక్ష రూపాయలకు పైగా చెల్లించిన సందర్భములు కొల్లలు. ఆ ఉత్తరువుచే గుండె ఆసుపత్రులు మూతపడలేదు. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టము క్రింద 2012లో చేసిన నియమములు, ప్రతి వైద్యసంస్థయు తన సేవల ధరలను రోగికి కనబడునట్లు ప్రకటింపవలెనని చెప్పుచున్నవి. మా ప్రాంతపు ఆసుపత్రుల ముంగిట డాక్టర్ల పేర్లు, డిగ్రీలు ఎంత పెద్ద బోర్డులమీద వెలుగుచుండునో, ఈ ధరల పట్టిక అంత అరుదుగా కంటబడును.

ఇక పరదేశముల అనుభవమును చూతము. మన కాలనీలలో అమెరికాలో బిడ్డలు లేని ఇల్లు తక్కువ. అచ్చటికి వెళ్లు తల్లిదండ్రులకు విమానపు టికెట్టుతోపాటు విజిటర్ ఇన్సూరెన్సు కూడ కొనిపెట్టి, "అమ్మా, జబ్బుపడకు, ఇక్కడ ఆసుపత్రి బిల్లు కట్టలేము" అని బిడ్డలు హెచ్చరించుచుందురు. 2010 మార్చి 23న ఒబామా సంతకము చేసిన బీమా సంస్కరణ చట్టమును గూర్చి అచ్చటి పక్షములు నేటికిని పోరాడుచున్నవి. ఆ చట్టము క్రింది ప్రీమియము రాయితీలను పొడిగించుటను గూర్చిన తగవుతో 2025 అక్టోబరు 1 నుండి నవంబరు 12 వరకు అచ్చటి ప్రభుత్వ కార్యాలయములే చాలవరకు స్తంభించినవి. అంత సంపన్నదేశము బీమాపై బీమా పేర్చియు ఈ చిక్కు వీడకుండుట మనకు హెచ్చరిక. బ్రిటన్ మరియొక త్రోవ తొక్కినది: 1948 జూలై 5 నుండి పన్నుల ధనముతో జాతీయ వైద్యసేవను నెలకొల్పి, రోగి చేతికి బిల్లు రాకుండ చేసినది. మన దేశమునకును ఆ త్రోవ తెలియనిది కాదు. 1946లో భోర్ కమిటీ, డబ్బు చెల్లింపలేని కారణమున ఎవనికిని వైద్యము తప్పిపోరాదని స్పష్టముగ సలహా ఇచ్చెను. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానము ప్రభుత్వముల వైద్యవ్యయమును 2025 నాటికి దేశాదాయములో నూటికి రెండున్నరకు చేర్చెదమనెను. 2021–22లో అది 1.84 మాత్రమే.

కావున ప్రశ్న తిరిగి తిరిగి సర్కారు దవాఖానా గుమ్మమునకే వచ్చి నిలుచుచున్నది. మామిడిపండ్ల వాసనతో గుబాళించిన కొత్తపేట గడ్డిఅన్నారం మార్కెట్టు బాటసింగారమునకు తరలినది. ఆ స్థలమున వేయి పడకల టిమ్స్ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగినది. తూర్పు హైదరాబాదుకు అది గొప్ప ఆస్తి. కాని ఆ సంవత్సరము ఆగస్టులోనే, మాకు సమీపమున ఇబ్రహీంపట్నం సర్కారు ఆసుపత్రిలో ఒక కుటుంబనియంత్రణ శిబిరమున శస్త్రచికిత్స చేయించుకొనిన నలుగురు తల్లులు మరణించిరి. ఆ వార్త విన్న పేదకుటుంబములు అప్పుచేసియైనను ప్రైవేటునకే పోవుదుమనుకొన్నచో వారిని తప్పుపట్టగలమా? విశ్వాసమును బీమా కార్డు కొని తేలేదు. శుభ్రమైన థియేటరు, సరిపడు నర్సులు, వేళకు వచ్చు డాక్టరు, జవాబుదారీతనము గల సూపరింటెండెంటు తెత్తురు.

రానున్న ఎన్నికలలో మీ ఇంటిముందునకు వచ్చి, పరిమితిని మరికొన్ని లక్షలు పెంచెదమని చెప్పు అభ్యర్థిని, ఏ పక్షమువాడైనను సరే, గౌరవముగ కూర్చుండబెట్టి అడుగుడు. ఆసుపత్రుల క్లెయిములు ఎన్ని దినములలో చెల్లింతురు? కార్డు పెట్టిన రోగిని అడ్వాన్సు అడిగిన ఆసుపత్రిపై ఏ చర్య తీసికొందురు? ధరల పట్టికను ఏ తేదీలోపల ప్రతి కౌంటరు వద్ద పెట్టింతురు? తుర్కయంజాల్ బస్తీ దవాఖానాను కూలిపని ముగిసిన పిమ్మట, రాత్రి 8 గంటలవరకు తెరచియుంచి, రక్తపోటు మాత్రలు, షుగరు మాత్రలు సంవత్సరము పొడుగునా ఇచ్చెదరా? జవాబులను వ్రాసికొని, వ్రాసికొన్నది చూచి ఓటు వేయుడు.